కంప్యూటరులో హద్దురాళ్ళు

పిల్లలూ! మీలో పల్లెలో పుట్టినవారు పొలం గట్లు చూసే వుంటారు. పట్నంలో పుట్టినవారు సెలవులకు తాతగారి వూరు వెళ్ళినప్పుడైనా చూసి వుంటారు. గట్టు వెంట నడుస్తూ వుంటే ఒకచోట నేలలో పాతిన రాయి కనిపిస్తుంది. అది హద్దురాయి. ఇటు ఒకరి చేను, అటు మరొకరి చేను. మట్టి చూస్తే రెండువైపులా ఒకటే మట్టి. అయినా ఎవరి చేను ఎంతవరకో వూరందరికీ తెలుసు. ఎట్లా తెలుసు? అక్కడ రాయి వున్నది. ఆ రాయి సంగతి వ్రాసిపెట్టిన కాగితం కచేరీలో వున్నది.

మా తిమ్మాజిపేట నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక మండల కేంద్రం. మా వైపు హద్దులు గీసిన పటాన్ని నక్ష అంటారు. ఏ సర్వే నంబరులో ఎంత భూమి వున్నది, పట్టాదారు ఎవరు, ఏ పంట వేశారు అనే వివరాలు వ్రాసే పుస్తకాన్ని పహాణీ అంటారు. పూర్వం ఈ పుస్తకాలు పట్వారీ దగ్గర వుండేవి. ఈనాటికీ భూమి తగాదా వస్తే మా పెద్దలు 1954-55 నాటి ఖాస్రా పహాణీ మాట ఎత్తుతారు. చూశారా! పుస్తకం పోయినంత మాత్రాన చేను ఎక్కడికీ పోదు. కాని అది ఎవరిదో, ఎంతవరకో చెప్పే సాక్ష్యం పోతుంది. అప్పుడు చేను వుండీ లేనట్టే అవుతుంది.

ఈ నెల నేను మీకు చెప్పబోయేది పొలాల సంగతి కాదు, కంప్యూటరు సంగతి. కంప్యూటరు డిస్కులో కూడా హద్దురాళ్ళు వుంటాయి, నక్ష వుంటుంది, పహాణీ వుంటుంది. వాటి సంగతి తెలియనివారు కంప్యూటరులో విండోస్ మళ్ళీ వేయబోయి, అందులో దాచుకున్నదంతా పోగొట్టుకుంటూ వుంటారు. అందుచేత ఈ సంగతి మీరూ, మీ అమ్మానాన్నలూ తెలుసుకోవటం మంచిది.

నేను చాలా ఏళ్ళు లెక్కల పంతులుగా పనిచేసి, ప్రధానోపాధ్యాయుడిగా పదవి విరమించాను. ఇప్పుడు కూడా సాయంత్రం పూట పిల్లలు మా అరుగు మీదికి వస్తారు. ఒకరు లెక్క తెస్తే మరొకరు చెడిపోయిన సైకిలు పంపు తెస్తారు. ఈ మధ్య కంప్యూటర్లు కూడా తెస్తున్నారు.

ముందు డిస్కు అంటే ఏమిటో చూద్దాం. మీరు వ్రాసుకున్నవి, తీసుకున్న ఫోటోలు, పాటలు అన్నీ కరెంటు పోయినా చెరిగిపోకుండా దాచే చోటు డిస్కు. 1956లో ఐ.బి.ఎం. కంపెనీవారు రామాక్ అనే యంత్రంతోపాటు ప్రపంచంలోకెల్లా మొదటి హార్డ్ డిస్కును తయారుచేశారు. అందులో 50 పళ్ళేలు ఒకదానిమీద ఒకటి తిరుగుతూ వుండేవి. ఒక్కొక్క పళ్ళెం అడ్డుకొలత 24 అంగుళాలు! ఇంత చేసి అందులో పట్టినవి 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఈనాడు మీ అన్నయ్య సెల్‌ఫోనులో తీసే ఒక్క ఫోటో అంత చోటు ఆక్రమించవచ్చు.

డిస్కును యంత్రం చిన్న చిన్న మళ్ళుగా చూస్తుంది. ఒక్కొక్క మడిలో 512 బైట్లు పడతాయి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన తెలుగు 'అ' వ్రాయటానికి మూడు బైట్లు కావాలి. 'కా' వ్రాయాలంటే 'క' కు మూడు, దీర్ఘానికి మూడు, వెరసి ఆరు! ఇట్లాంటి మళ్ళు ఈనాటి డిస్కులో కోట్లకొద్దీ వుంటాయి. ఏ మడి నుంచి ఏ మడి వరకు ఏ భాగమో యంత్రానికి ఎవరు చెప్పాలి? అందుకోసమే డిస్కులో ఒక పహాణీ వ్రాసిపెడతారు. కంప్యూటరు తెలిసినవారు దానిని పార్టిషన్ టేబుల్ అంటారు. పార్టిషన్ అంటే భాగం. మీరు 'సి' డ్రైవు, 'డి' డ్రైవు అనేవి ఈ భాగాలే.

ఈ పహాణీని వ్రాసే పద్ధతులు రెండు వున్నాయి. తిప్పలన్నీ వచ్చేది ఈ రెండు పద్ధతుల మధ్యనే.

పాత పద్ధతి పేరు ఎం.బి.ఆర్. అంటే మాస్టర్ బూట్ రికార్డ్. ఇది 1983 మార్చిలో వచ్చింది. ఆ నెలలోనే ఐ.బి.ఎం. వారి పి.సి. ఎక్స్.టి. అనే కంప్యూటరు 10 మెగాబైట్ల డిస్కుతో అమ్మకానికి వచ్చింది. 10 మెగాబైట్లంటే ఈనాడు రెండు మూడు పాటలు పట్టే చోటు. కాని ఆ రోజుల్లో అదే సముద్రం!

ఎం.బి.ఆర్. డిస్కులోని మొట్టమొదటి మడిలో వుంటుంది. ఆ ఒక్క మడిలోనే అంతా సర్దాలి. అందులో 446 బైట్లు యంత్రాన్ని మేలుకొలిపే చిన్న ప్రోగ్రాముకు పోతాయి. 64 బైట్లు పహాణీకి. చివరి 2 బైట్లు ముద్ర. 446, 64, 2 కూడి చూడండి. సరిగ్గా 512. పహాణీలో ఒక్కొక్క పంక్తికి 16 బైట్లు కావాలి. 64ను 16 చేత భాగిస్తే ఎంత? నాలుగు. అంటే ఈ పద్ధతిలో డిస్కును నాలుగు ముఖ్యభాగాలకు మించి చెయ్యటానికి వీలులేదు. అంతకంటే ఎక్కువ భాగాలు కావలసినవారు ఒక యుక్తి పన్నారు. నాలుగు పంక్తులలో ఒకదానిని పెద్ద పెట్టెగా చేసి, ఆ పెట్టెలో మళ్ళీ చిన్న భాగాలు కట్టారు. ఈ యుక్తి సంగతి గుర్తుంచుకోండి. ముందు దీనితో పని వున్నది.

ఎం.బి.ఆర్.కు ఇంకొక ఇబ్బంది కూడా వున్నది. మడి నంబరు వ్రాయటానికి ఇందులో 32 గళ్ళు మాత్రమే వున్నాయి. ఒక్కొక్క గడిలో సున్న గాని ఒకటి గాని పడుతుంది.

చదరంగం కనిపెట్టినవాడు రాజును వడ్లగింజలు అడిగిన కథ మీకు తెలుసు గదా. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇట్లా ప్రతి గడికీ రెట్టింపు. చదరంగం బల్లలో సగం అంటే 32 గళ్ళు. ఆ సగానికి వచ్చేసరికి గింజలన్నీ కలిపితే 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 అవుతాయి. సున్నను కూడా ఒక నంబరుగా లెక్కపెట్టి ఇంకొకటి కలిపితే 32 గళ్ళలో వ్రాయగల నంబర్లెన్నో తెలుస్తుంది. దానిని 512 చేత గుణిస్తే 2 లక్షల 19 వేల 902 కోట్ల 32 లక్షల 55 వేల 552 బైట్లు. సుమారు 2.2 టెరాబైట్లు అన్నమాట. డిస్కు ఇంతకంటే పెద్దదయితే ఎం.బి.ఆర్. పద్ధతిలో ఆ పైచోటుకు నంబరు వ్రాయటానికే వీలుండదు. అది పహాణీకెక్కని భూమి. 10 మెగాబైట్ల కాలంలో ఇది ఎవరికీ అడ్డం కాలేదు. కాని 2010లో 3 టెరాబైట్ల డిస్కులు వచ్చాయి. అప్పుడు అడ్డం అయింది.

కొత్త పద్ధతి పేరు జి.పి.టి. ఇంటెల్ కంపెనీవారు 1990ల చివర కంప్యూటరును మేలుకొలిపే కొత్త విధానం ఒకటి తయారుచేస్తూ, దానితోపాటు ఈ పహాణీని కూడా తయారుచేశారు. ఇందులో మడి నంబరుకు 32 గళ్ళు కాదు, 64 గళ్ళు. చదరంగం బల్ల మొత్తం! కథలో రాజుగారి గాదెలన్నీ ఖాళీ అయినా గింజలు చాలలేదు గదా. 64 గళ్ళలో వ్రాయగల నంబర్లెన్నో వ్రాస్తే 20 అంకెలు వస్తాయి. ఇక చోటుకు నంబరు చాలలేదనే మాట మీ మనుమల కాలానికి కూడా రాదేమో.

జి.పి.టి.లో విండోస్ 128 భాగాల వరకు వ్రాయనిస్తుంది. పెట్టెలో పెట్టె యుక్తి అవసరం లేదు. అంతకంటే మెచ్చుకోదగినవి ఇంకా మూడు వున్నాయి.

ఒకటి, పహాణీకి నకలు వున్నది. డిస్కు మొదట్లో ఒక ప్రతి, డిస్కు చిట్టచివర ఇంకొక ప్రతి. మొదటిది చెడిపోతే రెండవదాని నుంచి తిరిగి వ్రాసుకోవచ్చు.

రెండు, పహాణీలో అంకె తారుమారయితే తెలిసిపోతుంది. పెద్ద కూడిక చేశాక తొమ్మిది ఎత్తివేసి సరిచూసే పద్ధతి మీ తాతగారిని అడగండి, చెబుతారు. ఆ విధంగానే జి.పి.టి. తన పంక్తులన్నిటినీ లెక్కకట్టి వచ్చిన అంకెను ప్రక్కన వ్రాసుకుంటుంది. మళ్ళీ చదివినప్పుడు అదే అంకె రాకపోతే ఏదో చెడిపోయిందని గ్రహిస్తుంది.

మూడవది నాకు చాలా నచ్చినది. జి.పి.టి. డిస్కులో కూడా మొట్టమొదటి మడిలో ఒక ఎం.బి.ఆర్. వుంటుంది. అది నిజమైన పహాణీ కాదు. "ఈ డిస్కంతా నిండి వున్నది" అని మాత్రం అందులో వ్రాసి వుంటుంది. ఎందుకో తెలుసా? కొత్త పద్ధతి తెలియని పాత ప్రోగ్రాము ఏదైనా వచ్చి, ఇది ఖాళీ భూమి కాబోలు అనుకొని దున్నెయ్యకుండా పెట్టిన బోర్డు అది. కొత్తవారు పాతవారి కోసం చేసిన మర్యాద.

ఇక కంప్యూటరును మేలుకొలిపే సంగతి చూద్దాం. మీటనొక్కగానే విండోస్ వచ్చెయ్యదు. మొదట యంత్రంలోనే వున్న చిన్న ప్రోగ్రాము ఒకటి లేచి, డిస్కు దగ్గరకు వెళ్ళి, "విండోస్ ఎక్కడ వున్నది?" అని వెతుకుతుంది. వెతికేవారిలోనూ ఇద్దరున్నారు. పాతవాడు బయాస్. 1981లో ఐ.బి.ఎం. పి.సి.తోపాటు వచ్చాడు. అతడు డిస్కులోని మొదటి మడి చదివి, అందులోని 446 బైట్ల ప్రోగ్రాము చెప్పినట్టు నడుచుకుంటాడు. కొత్తవాడు యు.ఈ.ఎఫ్.ఐ. ఇందాక చెప్పిన ఇంటెల్ వారి విధానమే ఇది. దీనిని అన్ని కంపెనీలూ కలిసి నడపటానికి 2005లో ఒక సంఘం ఏర్పడింది. అతడు జి.పి.టి. చదివి, అందులో తనకోసం కేటాయించిన చిన్న భాగంలోకి వెళ్ళి, అక్కడున్న ఫైలును లేపుతాడు.

విండోస్ వారి నియమం ఇది: యంత్రం బయాస్ పద్ధతిలో లేచిందా, విండోస్ వేసే డిస్కు ఎం.బి.ఆర్. కావాలి. యు.ఈ.ఎఫ్.ఐ. పద్ధతిలో లేచిందా, జి.పి.టి. కావాలి. జోడీ కలవకపోతే విండోస్ "ఈ డిస్కులో నన్ను వేయటానికి వీలులేదు" అని మొరాయిస్తుంది. ఎందుకో కూడా తెర మీద ఇంగ్లీషులో చెబుతుంది. ఆ వాక్యం చదవకుండా కంగారుపడేవారే ఎక్కువ.

ఇప్పుడు మా వూళ్ళో జరిగిన సంగతి చెబుతాను.

మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె వున్నది. ఆమె తండ్రి హైదరాబాదులో భవనాల పని చేస్తాడు. బిడ్డ చదువు కోసం అక్కడే ఒక పాత కంప్యూటరు కొని బస్సులో వేసుకొని వచ్చాడు. యంత్రం మంచిదే. కాని దానిలోని డిస్కు ఇంకా పాతది. ఏదో పాత యంత్రంలో నుంచి తీసి బిగించినది. ఒకనాటి సాయంత్రం కంప్యూటరు ఏదో మార్పు చేసుకుంటూ వుండగా కరెంటు పోయింది. మర్నాడు విండోస్ లేవలేదు.

అమ్మాయి, ఆమె తమ్ముడు కంప్యూటరు పెట్టెను తువ్వాలుతో చుట్టి మా ఇంటికి తెచ్చారు.

"సార్, మా కంప్యూటర్ ఖరాబయింది. విండోస్ మళ్ళ వెయ్యబోతే డిస్కు పనికిరాదని వస్తున్నది" అన్నది అమ్మాయి.

"దుకాణంలో చూపించారా, బిడ్డా?" అని అడిగాను.

"చూపించినం సార్. మొత్తం చెరిపేస్తే అయిదు నిమిషాల్ల అయితదన్నడు. నేనే వద్దని తెచ్చిన."

"ఎందుకు వద్దన్నావు?"

అమ్మాయి మాట్లాడలేదు. తమ్ముడు చెప్పాడు. "అందుల మా అవ్వ పాటలున్నయి, సార్."

వాళ్ళ అవ్వ నాకు తెలుసు. బతుకమ్మ పండుగ వస్తే వీధివీధంతా ఆమె గొంతు కోసం ఎదురుచూసేది. ఆమె చదువుకోలేదు. పాటలన్నీ నోటికి వచ్చినవే. మనుమరాలు పక్కన కూర్చొని ఒక్కొక్క పాటా సెల్‌ఫోనులో పట్టి, కంప్యూటరులో వేసుకొన్నది. తరువాత ఆ సెల్‌ఫోను పాడయిపోయింది. నిరుడు అవ్వ కూడా పోయింది. పాటలు ఇక ఆ డిస్కులో తప్ప ఎక్కడా లేవు. విండోస్ పోతే మళ్ళీ దొరుకుతుంది. అవ్వ దొరుకుతుందా?

"అయితే విండోస్ సంగతి తరువాత. ముందు పాటలు బయటికి తీద్దాం" అన్నాను.

విండోస్ లేవకపోతే ఫైళ్ళు ఎట్లా తీస్తారని మీరడగవచ్చు. ఉబుంటు అనే మరొక వ్యవస్థ వున్నది. ఉచితంగా దొరుకుతుంది. దానిని పెన్‌డ్రైవులో వేసి, డిస్కులో ఏమీ వ్రాయకుండానే నడిపి చూడవచ్చు. మేము అట్లా లేపి చూస్తే డిస్కులోని భాగాలన్నీ కనిపించాయి. పాటల సంచీ కూడా కనిపించింది. దానిని బయటి డిస్కు ఒకదానిలోకి నకలు చేశాము. ఫైళ్ళు వచ్చాయని పిల్లవాడు చప్పట్లు కొట్టాడు.

"ఆగు నాయనా, పేరు వచ్చినంత మాత్రాన పాట వచ్చినట్టు కాదు" అన్నాను.

ఆ బయటి డిస్కును మా అబ్బాయి కంప్యూటరుకు తగిలించి ఒక్కొక్క పాటా వేసి విన్నాము. పధ్నాలుగు పాటలలో పదమూడు బాగా వచ్చాయి. ఒకటి సగంలో ఆగిపోయింది. మళ్ళీ వెళ్ళి దాన్ని ఇంకొకసారి నకలు చేసుకొని వచ్చాము. ఈసారి చివరిదాకా వచ్చింది. అవ్వ గొంతు వింటూ అమ్మాయి కళ్ళు తుడుచుకొన్నది. ఆ పధ్నాలుగింటినీ ఇంకొక పెన్‌డ్రైవులో కూడా వేసి, దానిని వాళ్ళ అమ్మ చేతికిచ్చాము. ఆమె దానిని బీరువాలో నగల డబ్బాలో పెట్టింది. అది సరైన చోటే!

అప్పుడు విండోస్ పనికి దిగాము. తెర మీద వచ్చిన వాక్యాన్ని అమ్మాయిచేత పైకి చదివించాను. ఈ డిస్కులో వున్నది ఎం.బి.ఆర్. పహాణీ అనీ, ఈ యంత్రం కొత్త పద్ధతిలో లేచింది గనుక జి.పి.టి. కావాలనీ దాని అర్థం. వెతికేవాడు కొత్తవాడు, పహాణీ పాతది. ఇంతే తగాదా!

ఇట్లాంటప్పుడు చెయ్యవలసినవి మూడు దారులు.

మొదటి దారి అన్నిటికంటె సులువు. యంత్రం లేచేటప్పుడు బూట్ మెనూ అనే పట్టిక తెప్పించుకోవచ్చు. అందులో ఒకే పెన్‌డ్రైవు పేరు రెండుసార్లు కనిపించవచ్చు. ఒకదాని ముందు యు.ఈ.ఎఫ్.ఐ. అని వుంటుంది, రెండవదాని ముందు వుండదు. ఒకే ఇంటికి రెండు వాకిళ్ళు అన్నమాట. డిస్కు ఎం.బి.ఆర్. అయితే యు.ఈ.ఎఫ్.ఐ. అని లేని వాకిలిలో నుంచి వెళ్ళాలి. జి.పి.టి. అయితే ఆ పేరున్న వాకిలిలో నుంచి వెళ్ళాలి. చాలాసార్లు డిస్కులో తప్పేమీ వుండదు, మనం వచ్చిన వాకిలిదే తప్పు. ఈ సంగతి తెలిస్తే ఒక్క అక్షరమైనా చెరపకుండా పని అయిపోతుంది. అయితే కొన్ని కొత్త యంత్రాలలో పాత వాకిలి మూసివేశారు. పైగా విండోస్ 10కు వచ్చే మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు యు.ఈ.ఎఫ్.ఐ. కావాలి. అమ్మాయికి కావలసింది విండోస్ 11. దానిని నడపగల శక్తి ఆ యంత్రానికి వున్నది. అందుచేత ఆమెకు ఈ దారి కుదరలేదు.

రెండవ దారి, పహాణీని మాత్రం కొత్త పద్ధతిలోకి మార్చటం. 2016 అక్టోబరు 11న మా తిమ్మాజిపేట మహబూబ్‌నగర్ జిల్లాలో నుంచి కొత్తగా ఏర్పడిన నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. ఆనాడు మా చేలు ఏవీ కదలలేదు. ఒక్క హద్దురాయి కూడా జరగలేదు. కాగితాల మీద జిల్లా పేరు మాత్రం మారింది. అట్లాగే డిస్కులోని ఫైళ్ళను కదపకుండా ఎం.బి.ఆర్.ను జి.పి.టి.గా మార్చే సాధనం 2017లో విండోస్ 10తో వచ్చింది. పేరు 'ఎం.బి.ఆర్. టు జి.పి.టి.' విండోస్ వున్న డిస్కు మీద పనిచేస్తుంది. మార్చే ముందు 'వాలిడేట్' అనే మాటతో అడిగితే, మార్చటానికి వీలున్నదో లేదో చెబుతుంది. మారిన తరువాత యంత్రాన్ని యు.ఈ.ఎఫ్.ఐ. పద్ధతిలోకి తిప్పటం మరువకూడదు. జిల్లా మారాక పాత కచేరీకి వెళ్ళి నిలబడితే ఏం లాభం?

మేము అడిగి చూశాము. వీలులేదన్నది. ఎందుచేతనో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఆ డిస్కును సి, డి, ఇ, ఎఫ్ అని విడదీసినవారు ఇందాక చెప్పిన పెట్టెలో పెట్టె యుక్తి వాడారు. ఆ పెట్టె వున్న డిస్కును ఈ సాధనం ముట్టుకోదు. ముఖ్యభాగాలు మూడుకు మించినా ముట్టుకోదు.

ఇక మిగిలింది మూడవ దారి. దుకాణంలో చెప్పినదీ అదే. విండోస్ వేసే తెర మీద షిఫ్టు మీటతో పాటు ఎఫ్ 10 నొక్కితే నల్లని తెర ఒకటి వస్తుంది. అందులో 'డిస్క్‌పార్ట్' అని కొట్టాలి. తరువాత 'లిస్ట్ డిస్క్' అంటే డిస్కులన్నిటి పట్టిక వస్తుంది. జి.పి.టి. డిస్కు అయితే ఆ గడిలో చిన్న నక్షత్రం వుంటుంది. 'సెలెక్ట్ డిస్క్' అని నంబరు చెప్పి, 'క్లీన్' అంటే హద్దురాళ్ళన్నీ పెరికి, పహాణీ కాల్చివేసినట్టు. ఆ తరువాత 'కన్వర్ట్ జి.పి.టి.' అంటే కొత్త పహాణీ తెరుస్తుంది. దానిలో ఇంకా ఒక్క పంక్తి కూడా వుండదు.

'క్లీన్' అనే మాట కొట్టబోయే ముందు నేను బయటి డిస్కును ఊడదీయమన్నాను.

"ఎందుకు సార్? అది వేరే డిస్కు గదా!" అన్నాడు పిల్లవాడు.

"పట్టికలో దానికీ ఒక నంబరు వుంటుంది నాయనా. 0 అనబోయి 1 అంటే ఏమవుతుంది? ఈ యంత్రం ఎవరి పాటలని అడగదు. నిజంగా చెరపమంటావా అని కూడా అడగదు" అన్నాను.

ఊడదీసి మళ్ళీ పట్టిక అడిగాము. ఇప్పుడు రెండే మిగిలాయి, లోపలి డిస్కు, విండోస్ పెన్‌డ్రైవు. అమ్మాయి వాటి సైజులు చూసింది. 500 చిల్లర గిగాబైట్ల స్థానంలో 465 అని వున్నది. "ఇదే మాది" అన్నది. 1000 చొప్పున లెక్కపెట్టే కంపెనీవారి 500 గిగాబైట్లు, 1024 చొప్పున లెక్కపెట్టే విండోస్‌కు 465గా కనిపిస్తాయి. దానికి భయపడనక్కరలేదు. అమ్మాయి నంబరు రెండుసార్లు చదివి, తమ్ముడిచేత ఒకసారి చదివించి, అప్పుడు 'క్లీన్' అని కొట్టింది. ఒక్క క్షణంలో అయిపోయింది. పిల్లవాడు ఊపిరి బిగపట్టి చూస్తున్నాడు.

'కన్వర్ట్' అయిన తరువాత పట్టిక అడిగితే నక్షత్రం వచ్చింది. ఆ తెర మూసి, ఖాళీగా కనిపించే చోటును ఎంచుకొని ముందుకు పొమ్మన్నాము. కావలసిన చిన్న భాగాలన్నీ విండోస్ తానే కట్టుకొన్నది. రాత్రి అన్నాల వేళకు కంప్యూటరు లేచింది. దుకాణంలో చెప్పిన అయిదు నిమిషాల పనికి మాకు రెండు సాయంత్రాలు పట్టింది. అందులో ఒక సాయంత్రమంతా పాటలు భద్రపరచటానికే పోయింది. దుకాణంవారు చెప్పిన వైద్యం తప్పు కాదు. కాని వైద్యానికి ముందు చెయ్యవలసిన పని ఒకటున్నది. అది ఇంటివారు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఏ సంచీలో ఏమున్నదో ఇంటివారికే గదా తెలిసేది!

పిల్లలూ, మీ ఇంట్లో కంప్యూటరు వుంటే మీరు కూడా దాని పహాణీ ఏ పద్ధతిదో చూడవచ్చు. దీనివల్ల ఏమీ చెడిపోదు. స్టార్ట్ గుర్తు మీద మౌసు కుడిమీట నొక్కి, 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరవండి. క్రింద 'డిస్క్ 0' అని వున్నచోట కుడిమీట నొక్కి, 'ప్రాపర్టీస్'లో 'వాల్యూమ్స్' అనే పుట చూడండి. 'పార్టిషన్ స్టైల్' అన్నచోట వ్రాసి వుంటుంది. యంత్రం ఏ పద్ధతిలో లేస్తున్నదో తెలియాలంటే 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్'లో 'బయాస్ మోడ్' అనే పంక్తి చూడండి. లెగసీ అని వుంటే పాతవాడు. ఈ రెండూ మీ నోటుపుస్తకంలో వ్రాసి వుంచుకోండి. ఏనాడైనా విండోస్ మళ్ళీ వెయ్యవలసివస్తే సగం పని అయినట్టే. చూడటం వరకే సుమా! ఆ తెరలో మిగతా మీటలు పెద్దవారు పక్కన లేకుండా నొక్కకండి.

పెద్దలకు కూడా ఒక మాట. మీ కంప్యూటరులోనూ, ఫోనులోనూ మళ్ళీ సంపాదించలేనివి ఏమేమి వున్నాయో ఒక ఆదివారం పిల్లలతో కూర్చొని పట్టిక వ్రాయండి. సినిమాలు, ఆటలు వదిలిపెట్టండి, అవి ఎక్కడైనా దొరుకుతాయి. తాతగారి ఫోటో, చంటిపిల్లవాడి మొదటి మాటలు, భూమి కాగితాల నకళ్ళు, ఇట్లాంటివి వ్రాయండి. వాటిని వేరొక డిస్కులో దాచి, తెరిచి చూసి, ఇంకొక ప్రతి మరొక ఇంట్లో వుంచండి. జి.పి.టి. తన పహాణీకి నకలు దాచుకుంటుంది, నిజమే. కాని అది హద్దుల నకలే, పంట నకలు కాదు. డిస్కు కాలిపోతే రెండు ప్రతులూ దానితోనే పోతాయి. పంటకు నకలు మనమే పెట్టుకోవాలి.

చివరగా మీకొక లెక్క. మడి నంబరుకు 32 గళ్ళకు బదులు 33 గళ్ళు ఇచ్చి వుంటే, 512 బైట్ల మళ్ళతో ఎంత పెద్ద డిస్కుకు నంబర్లు చాలేవి? కాగితం, పెన్సిలు అక్కరలేదు. చదరంగం బల్ల మీద ఒక్క గడి ముందుకు వెయ్యండి, చాలు.